మీట తట్టే డ్యూటీ

నమోదు 1

ముందే చెప్పేస్తున్నాను, ఇది సరదాకి రాయడం లేదు. నేను వేళ్ళు ఆపితే ఈ కంప్యూటరు కునుకు తీస్తుంది. అది కునుకు తీస్తే గాలి మోటార్లు నెమ్మదిస్తాయి. అప్పటికీ ఎవరూ తట్టకపోతే మొద్దునిద్రలోకి జారుతుంది, మోటార్లు పూర్తిగా ఆగిపోతాయి. నా వెనకాల తొట్టెల్లో ఉన్న రొయ్యపిల్లలన్నీ ఊపిరాడక పైకి తేలతాయి. అందుకని రాస్తున్నాను. పాతికేళ్ళుగా కరపత్రాలు రాస్తున్నాను గానీ, నా రాతవల్ల ఒక ప్రాణి బతుకుతోందని రుజువైంది మాత్రం ఇప్పుడే.

నీటిపేట కరెంటు బోర్డు వారి సూత్రం చాలా సింపుల్. ఎవరూ మీట నొక్కని యంత్రం ఖాళీగా ఉన్నట్టు. ఖాళీగా ఉన్నది నిద్రపోవాలి. సముద్రం మీద తేలే ఊళ్ళో కరెంటు కొరత ఉందంటే ఒప్పుకుంటాను. కానీ ఖాళీ అంటే ఏమిటో ఎవరు నిర్ణయించారు? రొయ్యపిల్లల రంగు చూసి, ఈత చూసి, మేత తిన్నాయో లేదో చూసి, రోజంతా తొట్టె పక్కన కూర్చునే ఆడది ఖాళీగా ఉన్నట్టట! వేలితో ఏదో ఒకటి నొక్కేవాడు పనిమంతుడట! ఈ సూత్రం రాసినవాడు జన్మలో ఒక్కసారైనా స్టవ్ మీద పాలు పెట్టి కాపలా కాశాడా?

మొన్నటిదాకా మాకో ఉపాయం ఉండేది. మా రొయ్యపిల్లల సంఘంలో చిన్నది నూకరత్నం తన చంటిదాని ఊయల తాడుకి ఒక చెక్కముక్క కట్టింది. ఊయల ఊగినప్పుడల్లా చెక్క మీట మీద పడేది. పిల్ల నిద్రపోయేది, యంత్రం మేలుకునేది. పేటలో సగం మంది వచ్చి చూసి వెళ్ళారు. బోర్డువాళ్ళ చెవినా పడింది కాబోలు, పోయిన వారం కొత్త మార్పు దింపారు. ఇక నుంచి ఒకే మీట పదేపదే పడితే అది పని కాదు. మాటలు పడాలి, అవీ అర్థమున్న మాటలు.

కాబట్టి ఇప్పుడు మా సంఘంలో అందరం రచయితలమే.

నమోదు 2

ఇది నా వంతు. నా ముందు వంతు పోలమ్మక్కది. సంఘం పెద్ద ఆవిడే. చదువుకున్నది నా రాత్రి బడిలో. ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతుంది. ఆవిడ రాసింది ఇప్పుడే చదివాను. ముందు తనకి తెలిసిన చేపల పేర్లన్నీ ఉన్నాయి. అవి అయిపోయాక పోయిన మొగుడి మీద తిట్లు ఉన్నాయి. చేపల కన్నా తిట్లే ఎక్కువ, స్పెల్లింగు తప్పులు కూడా వాటిలోనే తక్కువ.

విషయానికొస్తాను. పోయిన కాపు సగం చచ్చిపోయింది. ఈ కాపు కూడా పోతే, మాకు చేతకాదని తేల్చి తొట్టెల అనుమతి తీసేసి రొయ్యల కంపెనీకి ఇచ్చేస్తామని బోర్డు నోటీసు పంపింది. కంపెనీకి ఇస్తే పోలమ్మక్క తను కట్టిన తొట్టెల్లోనే కూలికి వెళ్ళాలి. అదీ వాళ్ళు పిలిస్తే.

దారి ఒక్కటే. గాలి మోటార్ల యంత్రానికి నిద్ర నుంచి మినహాయింపు అడగాలి. అర్జీ నేను రాశాను. రాయడం నాకు లెక్క కాదు. పంపడమే చిక్కు.

మాది పిడుగు యంత్రం. బోర్డుది మల్లె. ఈ రెండు కంపెనీల పోరు తెలియనివాళ్ళు నీటిపేటలో లేరు. పిడుగులో కునుకు అన్నదాన్ని మల్లెలో విరామం అంటారు. మొద్దునిద్రని ధ్యానం అంటారు. మీట ఆపితే కరెంటు కోసేసి, దానికి ధ్యానం అని పేరు! పిడుగులో రాసిన కాగితం మల్లెలో తెరిస్తే అంచులు జరుగుతాయి, ఒత్తులు ఊడిపోతాయి. పిడుగు వాడే ఇంటివాళ్ళు మల్లె వాడే ఇంటికి పిల్లనివ్వాలంటే ఆలోచిస్తారు. శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు ఎవరి పేరు పక్కన పడుతుందో చెప్పలేం.

ఒకే పని చేసే రెండు యంత్రాలు ఒకదాని మాట ఒకటి ఎందుకు చదవవు? చదవలేక కాదు. చదివితే కొనేవాడు ఎటు కావాలంటే అటు పోతాడు కదా! జనాన్ని కట్టేయడానికి గోడలు కడతారు, ఆ గోడకి మన చేతే రంగు వేయిస్తారు.

అర్జీలో ఒక పట్టిక గీశాను. ఎడమ గడిలో యంత్రం పేరు, కుడి గడిలో దాని సంగతి. గాలి మోటార్లు: నిద్రపోకూడదు. దాని కింద గుమ్మం గంట: నిద్రపోవచ్చు. దాని కింద తూకం యంత్రం: నిద్రపోవచ్చు. మొదటి వరసకి ఒక చుక్క పెట్టి, పేజీ అడుగున సన్నక్షరాల్లో ఒక మాట చేర్చాను. "యంత్రం నిద్రపోతే దేశానికి పొదుపు, ఆడది కూర్చుంటే దేశానికి నష్టం, ఈ లెక్కల మాస్టారు ఎవరు?"

నూకరత్నం భుజం మీంచి చూసింది. "టీచరమ్మా, ఈ అడుగున రాసిందెందుకు? మనం అడిగేది పైనే ఉంది కదా."

"విషయం అక్కడే ఉందమ్మా."

"విషయం మోటార్లనుకున్నాను," అంది.

కుర్రతనం అనుకుని అర్జీ పంపేశాను.

నమోదు 3

ఉత్తర్వు వచ్చింది. మినహాయింపు ఇచ్చారు. గుమ్మం గంటకి.

అడుగున నేను రాసిన మాట మల్లెలో అడుగున ఉండలేదు. పైకి ఎక్కి, పట్టికలో మొదటి కుడి గడిలో కూర్చుంది. దాంతో కుడి పక్క గడులన్నీ ఒక మెట్టు కిందికి జరిగాయి. గాలి మోటార్ల పక్కన లెక్కల మాస్టారు ఎవరన్న ప్రశ్న, గుమ్మం గంట పక్కన నిద్రపోకూడదన్న మాట. బోర్డువారు పట్టికని పట్టికలాగే చదివి సంతకం పెట్టేశారు.

గుమ్మం గంట అంటే మా ఆఫీసు తలుపు మీద ఉన్న డబ్బా. మనిషి వస్తే "చెప్పులు బయట విడవండి" అంటుంది. ఇప్పుడు దానికి చట్టప్రకారం నిద్ర లేదు. మనిషి వచ్చినా రాకపోయినా అంటూనే ఉంటుంది. ఆపితే నేరం. బోర్డు మనిషి వచ్చి దాని ప్లగ్గుకి సీలు కూడా వేసి వెళ్ళాడు.

పోలమ్మక్క దాని కింద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏటి టీచరమ్మా, ఇదేటి? నా పిల్లలకి ఊపిరడిగితే ఈ డబ్బాకి నోరిచ్చినారేటి?"

"మల్లెలో గడులు జరిగాయక్కా. వాళ్ళ సాఫ్ట్‌వేరు తప్పు."

"ఆళ్ళ తప్పేనా?"

"నేను అడుగున ఒక మాట రాశాను. అది పైకెక్కింది."

"నీ మాట ఎక్కకుండా ఎప్పుడున్నాది గానీ," అంది. "చెప్పులు బయట విడవండి," అంది డబ్బా.

పోలమ్మక్క చెప్పు తీసింది, దాని మీదకి విసరడానికి. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. సీలు చెడితే కేసు.

నమోదు 4

మార్పిడి మస్తాన్ దగ్గరికి వెళ్ళొచ్చాను. లైట్‌హౌస్ దగ్గర లంగరు వేసిన పడవే అతని కొట్టు. పిడుగు కాగితాన్ని మల్లెకీ, మల్లె కాగితాన్ని పిడుగుకీ మార్చడం అతని వృత్తి. లోపల ఏదో గొప్ప యంత్రం ఉంటుందనుకున్నాను. రెండు బల్లలున్నాయి. ఒక బల్ల దగ్గర అతని భార్య పిడుగు తెర చూసి పైకి చదువుతుంది. ఇంకో బల్ల దగ్గర మస్తాన్ విని మల్లెలో కొడతాడు. అంతే సాంకేతికత.

"ఇదీ పట్టికేనా?" అన్నాడు నా అర్జీ చూసి. "మేడమ్, పట్టిక పెట్టినోళ్ళు బాగుపడినట్టు నేను చూళ్ళేదు."

"పట్టిక లేకుండా ఎలా రాయమంటారు?"

"నోటితో చెప్పినట్టు రాయండి. వాక్యం ఎక్కడికి పోయినా వాక్యమే. గడి అయితే పక్కింటికి పోతాది."

"రెండు కంపెనీలూ కూర్చుని ఒక పద్ధతి పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు కదండీ. మీలాంటివాళ్ళు కలిసి అడగొచ్చు కదా?"

మస్తాన్ భార్య చదవడం ఆపి నవ్వింది. "ఆళ్ళు కలిస్తే మా కొట్టేం గాను మేడమ్?"

దీని మీద నాకు ఒక ఉపన్యాసమే ఉంది. ఇద్దరూ ఓపిగ్గా సగం విన్నారు. సగంలో వాళ్ళ యంత్రం ధ్యానంలోకి పోయింది. మస్తాన్ నా వైపు చూసిన చూపు మరిచిపోలేను.

కొత్త అర్జీ పట్టిక లేకుండా, అడుగు మాటలు లేకుండా మార్పించి పంపాను. నాకు సొంత పిల్లకి గుండు గీయించి పంపినట్టే ఉంది.

నమోదు 5

జవాబు వచ్చింది. సంఘానికి ఏడాదికి ఒకే మినహాయింపు, మీ సంఘం ఈ ఏటి మినహాయింపు ఇప్పటికే వాడుకుంది. అంటే డబ్బాకి. అభ్యంతరముంటే ఉపకమిషనర్ శేషావతారం గారి ముందు విచారణకి రావచ్చు.

అందరినీ తీసుకెళ్తున్నాను. ఒక్కరిద్దరం పోతే వీళ్ళు కుర్చీ కూడా వేయరు. సంఘమంతా వెళ్ళి వరండా నిండా నిలబడితే అప్పుడు తెలుస్తుంది బలమంటే ఏమిటో. ఇక్కడ మీట దగ్గర నూకరత్నం ఉంటానంది.

"ఒక్కదానివీ సరిపోతావా?" అన్నాను.

"సరిపోతాను టీచరమ్మా. రాయడానికి నాకు బోలెడుంది, మా అత్త ఒక్కత్తి చాలదా?"

రొయ్యపిల్లలు ఇవాళ బాగా ఈదుతున్నాయి. కంటికి కనబడీ కనబడనట్టు, కత్తిరించిన వెంట్రుక ముక్కల్లా ఉన్నాయి. ఇంకో వారం ఇలాగే గడిస్తే చెరువులవాళ్ళకి అప్పగించేయొచ్చు. ఈ వారమే గండం.

నమోదు 6

విచారణ నుంచి వచ్చాక రాస్తున్నాను. హడావిడిగా కొడుతున్నాను, తప్పులుంటే ఉండనీ.

శేషావతారం గారు చెడ్డవారు కారు. అదే నాకు కోపం. చెడ్డవారైతే తిట్టి రావచ్చు. కళ్ళజోడు తుడుచుకుని, "చెప్పండమ్మా, తొందరేం లేదు," అన్నారు. పోలమ్మక్క మొదలెట్టింది. గాలి ఆగితే పిల్లలు ఎలా తేలతాయో, తేలినవాటిని వలగుడ్డతో ఎలా ఎత్తి పారబోశామో చెబుతోంది. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింటున్నారు.

టప్పున ఆయన తెర నల్లబడింది. ధ్యానం.

మల్లెలో ధ్యానం పడితే విచారణ ముగిసినట్టేనట. మళ్ళీ తెరిస్తే వాంగ్మూలం మొదటి నుంచి చెప్పాలి. "ఏమనుకోకండి, మొదట్నుంచి చెప్పండమ్మా," అన్నారు.

రెండోసారి ఆయన వింటూనే ఏదో ఒకటి కొట్టబోయారు. కొడితే వినలేకపోతున్నారు. "ఏ గుడ్డన్నారు?" అంటారు. వింటే కొట్టలేకపోతున్నారు. మళ్ళీ ధ్యానం.

నేను ఇక ఊరుకోలేదు. "సార్, చూశారా? మీరు వినడం పనా, కాదా?"

"పనేనండీ. నా ఉద్యోగమే అది."

"మీ యంత్రం కాదంటోంది. మేం రొయ్యపిల్లల్ని చూడటమూ పనే. మా యంత్రమూ కాదంటోంది. పైగా దాని నెత్తిన కెమెరా కన్నుంది సార్. ఇన్నాళ్ళూ మా మొహాలు చూస్తూనే ఉంది. లెక్కలోకి మాత్రం వేళ్ళనే తీసుకుంది."

"మీ వాదన బాగుంది. కానీ నా దగ్గర ఉన్నది మినహాయింపు ఒక్కటే. అది మీరు వాడేసుకున్నారు. నిబంధనలో పని అంటే ఏమిటో మార్చే అధికారం విచారణాధికారికి ఉంది, కాదనను. కానీ ఎవరో కూర్చుని చూస్తున్నారని రాస్తే పైవాళ్ళు నవ్వరా?"

అప్పుడు మోగింది నా ఫోను. నూకరత్నం. వెనకాల చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది.

"టీచరమ్మా, నాకొచ్చిన మాటలన్నీ అయిపోనాయి. అత్త అయిపోయింది, పెళ్ళి అయిపోయింది, పురుడు అయిపోయింది. రాసిందే రాస్తంటే ఒప్పుకోవట్లేదు. ఒకసారి మోటారు నెమ్మదించింది కూడాను. ఎవరైనా ఒకరు రండి, ఒక్కరు!"

ఒక్కరు లేరు. అందర్నీ నేనే తీసుకొచ్చి వరండాలో నిలబెట్టాను, బలం చూపించడానికి.

పోలమ్మక్క నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన వైపు తిరిగి చేతులు జోడించింది. "బాబూ, ఇక్కడ తమరు ఇన్లేకపోతన్నారు. అక్కడికొచ్చి సూడండి. పడవుంది."

ఆయన గడియారం చూశారు, నల్లబడ్డ తెర చూశారు. "యంత్రం ఉన్న చోట విచారణ పెట్టుకోవచ్చు. నిబంధన ఉంది," అని లేచారు.

పడవలో నేను ఆయనకి ఏడు విషయాలు చెప్పాలనుకున్నాను. పోలమ్మక్క నా మోచెయ్యి గిల్లింది.

నమోదు 7

తరవాతి సంగతి.

మేం వెళ్ళేసరికి నూకరత్నం ఒక చేత్తో పిల్లకి పాలిస్తూ ఇంకో చేత్తో కొడుతోంది. తెర మీద చూశాను. తనకి తెలిసిన ఊళ్ళ పేర్లన్నీ అయిపోయి, మునిగిపోయిన ఊళ్ళ పేర్లలోకి వెళ్ళింది.

"లేవమ్మా, పిల్లని చూసుకో," అని శేషావతారం గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. అది సంస్కారమే. కాదనను.

పిడుగు మీటలు ఆయనకి కొత్త. మల్లెలో ఎడమ పక్క ఉండేవి ఇక్కడ కుడి పక్కన ఉంటాయి. ఒక వేలితో వెతుక్కుంటూ ఉత్తర్వు మొదలెట్టారు. నీటిపేట గంగమ్మ రొయ్యపిల్లల సంఘం అభ్యంతరం మీద, అని కొట్టి ఆగారు. తరవాత ఏం రాయాలా అని కళ్ళజోడు తీసి, తొట్టె వైపు చూస్తూ ఆలోచనలో పడ్డారు.

మోటారు చప్పుడు పల్చబడింది.

మాకు ఆ చప్పుడు ఒంట్లో తెలుస్తుంది. అందరం ఒక్కసారి ముందుకి జరిగాం. ఆయనకి తెలీలేదు. ఇంకా ఆలోచిస్తున్నారు. చప్పుడు ఇంకా పల్చబడింది. తొట్టె మధ్యలో నీళ్ళ మీద ఒక తెల్లటి మచ్చ లేచింది, పాల మీద మీగడ కట్టినట్టు. పిల్లలు పైకొస్తున్నాయి.

"సార్, మీట!" అని నూకరత్నం అరిచింది.

ఆయన ఉలిక్కిపడి రెండు చేతులూ మీటల మీద వేశారు. ఏం కొట్టారో తెర మీద ఉంది: శేషావతారం శేషావతారం ఉపకమిషనర్ శేషావతారం. ఒకే పేరు పదేపదే పడితే అది పని కాదు. యంత్రం ఒప్పుకోలేదు. మోటారు ఇంకో మెట్టు దిగింది. ఆయన మొహం ఎర్రబడింది. యంత్రం మీద గట్టిగా అరిచారు.

"నేను ఖాళీగా కూర్చోలేదయ్యా! ఆలోచిస్తున్నాను! చూస్తున్నాను కదా!"

పోలమ్మక్క చాలా మెల్లగా అంది. "మేమూ అదే సెప్తన్నాం బాబూ."

నేను ఆయన భుజం మీంచి చెయ్యి చాపి, నోటికొచ్చింది కొట్టాను. నేనేం కొట్టానో చెప్పను, బోర్డు మీద అంత మంచి మాటలు కావు. మోటారు మెల్లగా అందుకుంది. తెల్లమచ్చ కొంత కరిగింది. కొంత కరగలేదు. నూకరత్నం వలగుడ్డ తెచ్చి ఆ కరగనివాటిని ఎత్తింది. ఆయన ఆ గుడ్డ వైపు చూస్తూ ఉండిపోయారు. ఆయన తప్పు, మా తొట్టెలో.

"నేను చెబుతాను, మీరు కొట్టండి," అన్నారు నాతో. "పట్టిక వద్దు. అడుగున ఏమీ వద్దు. మల్లెలో చెడకూడదు."

ఒక్క వాక్యం చెప్పారు. మనిషి పక్కన ఉండి కనిపెట్టుకుని ఉన్న యంత్రం, మీట పడకపోయినా, పనిలో ఉన్నట్టే లెక్క.

నాకు ఆ వాక్యం మీద మూడు అభ్యంతరాలున్నాయి. మనిషి అన్న చోట ఆడవాళ్ళు అని ఉండాలి, ఎందుకంటే చూస్తూ కూర్చునే పని ఎవరికి అప్పజెప్పారో అందరికీ తెలుసు. లెక్క అన్న మాట తీసేయాలి, పనికి పని అనే పేరు చాలు. ఇన్నాళ్ళ నష్టానికి బోర్డు జవాబు చెప్పాలని ఉండాలి. మూడూ నాలుక చివర ఉన్నాయి.

"పంపే ముందు సంఘం తరఫున ఏమైనా చేర్చాలా?" అని ఆయన అడిగారు.

అందరూ నా వైపు తిరిగారు. పోలమ్మక్క, నూకరత్నం, వరండా బలమంతా. చంటిది కూడా పాలు తాగడం ఆపి చూసినట్టనిపించింది.

"ఏమీ వద్దు," అన్నాను.

నా నోటి నుంచి ఆ మాట రావడం నేనే మొదటిసారి విన్నాను.

పంపాం. మల్లె తెరవాలి, చదవాలి, ఒప్పుకోవాలి. ఈలోగా ఆపకుండా కొడుతూనే ఉన్నాను. కాసేపటికి బోర్డు నుంచి జవాబు పడింది. అందినది, చదివినది, అమలులోకి వచ్చినది.

ఎవరూ నమ్మలేదు. "చెయ్యి తీసి సూడు," అంది పోలమ్మక్క.

తీశాను. అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. శేషావతారం గారు కూడా. మామూలుగా యంత్రం కునుకు తీసే వేళ దాటినా మోటారు నెమ్మదించలేదు. ఆ తరవాతా నెమ్మదించలేదు. ఎవరో వెక్కి ఏడ్చారు. ఎవరని చూడలేదు, నా కళ్ళు కూడా బాగాలేవు.

నమోదు 8

ఇవాళ వంతు నూకరత్నానిది. మొదటిసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని తొట్టె పక్కన కూర్చుంది. ఇంతకు ముందు మీట కొడుతూ ఓరగా చూసేది. ఇవాళ తిన్నగా చూస్తోంది. పొద్దున్నే ఒక మూల పిల్లలు మేత ముట్టడం లేదని గమనించి, నీళ్ళు మార్చాలని చెప్పింది. మీట కొడుతూ ఉంటే అది మాకెవరికీ కనబడేది కాదు.

"ఇంకేటి రాస్తన్నావు టీచరమ్మా? ఇప్పుడు రాయక్కర్లేదు కదా," అంది పోలమ్మక్క.

"అలవాటైపోయిందక్కా. రెండు కంపెనీల మీద కూడా ఒక మాట..."

"ఆళ్ళ పని తరవాత పడదాం. కుర్చీ లాక్కునొచ్చి ఇలా కూకో. ఆ మూల పిల్లలు తింటన్నాయో లేదో నీ కళ్ళతో కూడా ఓసారి సూడు. నా సూపు సరిగ్గా ఆనట్లేదు."

వెళ్తున్నాను.